క్లాసిక్ కారు ఇంజిన్: కిట్ తెచ్చి బిగించుకోవాలా, ప్రత్యేకంగా కట్టించుకోవాలా?

పాత కారు బాగుచేయడం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఇంజిన్ ఇంకా విప్పకముందే కిట్ ఆర్డర్ పెట్టేస్తారు. పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్లు అన్నీ ఒకే పెట్టెలో, ఒకే రేటుకి వస్తుంటే చెయ్యి ఆగదు. తీరా బ్లాక్‌ని మెషీన్ షాపుకి తీసుకెళ్తే, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం) అరిగిన తీరు చూసి "దీనికి 30 థౌ ఓవర్‌సైజ్ చాలదండీ, 40కి వెళ్లాల్సిందే" అంటారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఇంట్లో ఉన్న పిస్టన్లేమో 30 థౌవి. పెట్టె విప్పేశారు కాబట్టి షాపువాడు వెనక్కి తీసుకోడు.

అందుకే ముందు కొలవండి, తర్వాత నిర్ణయించుకోండి, ఆ తర్వాతే కొనండి. కింద చెప్పిన పనులన్నీ ఈ వరసలోనే ఉంటాయి.

1. ఎవరు ఏం అమ్ముతున్నారో తెలుసుకోండి

ఇంజిన్ కిట్ పేరుతో మూడు రకాల సరుకు దొరుకుతుంది. రీబిల్డ్ కిట్‌లో మీ పాత బ్లాక్, పాత క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) అలాగే ఉంటాయి, అరిగిపోయే సామాన్లు మాత్రం కొత్తవి: పిస్టన్లు, రింగులు, మెయిన్ బేరింగులు, రాడ్ బేరింగులు, గాస్కెట్ సెట్, ఆయిల్ పంపు, టైమింగ్ చెయిన్. ఇందులోనే మాస్టర్ కిట్ అంటే సాధారణంగా క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే ఇరుసు), ట్యాపెట్లు కూడా ఇస్తారు. రెండోది రొటేటింగ్ అసెంబ్లీ కిట్, అందులో క్రాంక్, కనెక్టింగ్ రాడ్లు కూడా కొత్తవే. స్ట్రోక్ పెంచి సీసీ పెంచే స్ట్రోకర్ కిట్లు ఈ రకానివి. మూడోది బ్లాక్‌తో సహా మెషీనింగ్ అంతా అయిపోయి, విడిభాగాలుగా ఇంటికొచ్చేది. బిగించుకోవడం ఒక్కటే మీ పని.

కస్టమ్ బిల్డ్ దారి వేరు. బిల్డర్ మీ బ్లాక్‌నో, దానికి సరిపోయే ఇంకో బ్లాక్‌నో తీసుకుని, కొలిచి, మీ కారుకీ మీ వాడకానికీ తగిన సామాన్లు ఎంచి, మెషీనింగ్ చేయించి, బిగించి ఇస్తాడు. మంచి బిల్డర్ అయితే డైనో (ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) మీద నడిపి మరీ ఇస్తాడు. ఈ రెండింటి మధ్యలో క్రేట్ ఇంజిన్ ఉంది. కంపెనీయే ఒక స్థిరమైన లెక్క ప్రకారం బిగించి, పెట్టెలో పెట్టి అమ్మే పూర్తి ఇంజిన్ అది.

వీటి మధ్య అసలు తేడా సామాన్లలో ఉండదు. చాలాసార్లు బిల్డర్ వాడే పిస్టన్లూ, కిట్‌లో వచ్చే పిస్టన్లూ ఒకే కంపెనీవి. తేడా అంతా పూచీలో ఉంటుంది. బేరింగ్ క్లియరెన్స్ ఎంత ఉండాలి, రింగు గ్యాప్ ఎంత, వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఎంత ఖాళీ అనే లెక్కలు కిట్ కొంటే మీవి, కస్టమ్ అయితే బిల్డర్‌వి. మీకూ మీ మెషీన్ షాపుకీ ఆ పూచీ మోసే సత్తా ఉందా లేదా అన్నదే మీరు తేల్చుకోవాల్సింది.

2. కారుతో ఏం చేయబోతున్నారో రాసి పెట్టుకోండి

కారుని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇంజిన్‌తోనే ఉంచాలనుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే. అమెరికన్ కార్లలో 1968 మోడల్ నుంచి ఇంజిన్ మీద కారు చాసిస్ నంబరులో కొంత భాగం గుద్ది ఉంటుంది. ఆ నంబరు కారుతో కలిస్తే దాని విలువే వేరు. ఇలాంటి బ్లాక్‌ని పారేసి వేరే బ్లాక్‌తో కట్టిన ఇంజిన్ పెట్టడమంటే, ఎన్ని హార్స్‌పవర్ వచ్చినా, నా దృష్టిలో కారుకి అన్యాయం చేసినట్టే.

ఇక్కడే ఒక సంగతి గట్టిగా చెప్పాలి. షెవర్లే స్మాల్ బ్లాక్‌లో ఆ నంబరు కుడి బ్యాంక్ (కుడివైపు సిలిండర్ల వరస) ముందు అంచున, హెడ్ కూర్చునే తలానికి సమానంగా ఉన్న చిన్న గద్దె మీద ఉంటుంది. బ్లాక్ పైతలం ఫేసింగ్ (చెక్కి చదును) చేయిస్తే నంబరు కూడా చెక్కుకుపోతుంది. కిట్ అయినా, కస్టమ్ అయినా, బ్లాక్ అప్పగించేటప్పుడే "ఈ గద్దె ముట్టుకోవద్దు" అని నోటితో చెప్పడమే కాదు, జాబ్ కార్డు మీద రాయించండి. దగ్గరగా ఫొటో కూడా తీసి పెట్టుకోండి.

వారానికోసారి బయటికి తీసి హాయిగా నడుపుకునే కారైతే ఫ్యాక్టరీ లెక్కకి దగ్గరగా ఉన్న రీబిల్డ్ చాలు. చారిత్రక రేసులకి అయితే అంతర్జాతీయ మోటార్ రేసుల సంస్థ ఎఫ్ఐఏ పెట్టిన అపెండిక్స్ కె లాంటి నిబంధనలు ఆ కాలపు స్పెసిఫికేషన్‌నే అడుగుతాయి కాబట్టి, ఆ నిబంధనలు చదివి పనిచేసిన అనుభవం ఉన్న బిల్డర్ దగ్గరికే వెళ్లండి. రిజిస్ట్రేషన్ పత్రాల్లో ఇంజిన్ నంబరు నమోదై ఉంటే, బ్లాక్ మార్చేముందే ఆ ఆఫీసులో నియమం కనుక్కోండి.

3. బ్లాక్ విప్పి, శుభ్రం చేయించి, కొలవండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. బ్లాక్ వేడి ట్యాంకులో కడిగించాకే కొలతలు తీయాలి. మడ్డి, కార్బన్ మీద తీసిన కొలత కొలతే కాదు.

బోరు కొలవడానికి డయల్ బోర్ గేజ్ వాడాలి, వెర్నియర్ పనికిరాదు. పైన రింగులు ఆగి వెనక్కి తిరిగే చోట, మధ్యలో, అడుగున, ఇలా మూడు చోట్ల కొలవండి. ప్రతిచోటా రెండు దిశల్లో తీయాలి: క్రాంక్ పొడవునా ఒకటి, దానికి అడ్డంగా ఒకటి. అడ్డంగా ఉన్నవైపే పిస్టన్ గోడకి ఒత్తుకుంటుంది కాబట్టి అరుగుదల అక్కడ ఎక్కువ. ఎత్తులో చూస్తే, పై రింగు ఆగి వెనక్కి తిరిగే చోట మరీ ఎక్కువ. అక్కడే మంట ఒత్తిడి ఎక్కువ, ఆయిల్ తక్కువ. గోరు పెట్టి పైకి లాగితే చిన్న మెట్టు తగులుతుంది చూడండి, ఆ మెట్టు పైన ఉన్నది అరగని అసలు బోరు.

పైకీ కిందకీ బోరు వ్యాసంలో 0.1 మిల్లీమీటర్ తేడా ఉందనుకోండి. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ రింగు గ్యాప్ చుట్టుకొలతని బట్టి మారుతుంది కాబట్టి, పిస్టన్ ప్రతిసారీ పైకీ కిందకీ వెళ్లేటప్పుడు ఆ గ్యాప్ 0.3 మిల్లీమీటర్ దాకా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఇలాంటి బోరులో కొత్త రింగులు వేసి హోనింగ్ (బోరు గోడని రాళ్లతో సన్నగా రుద్దడం) ఒక్కటే చేయిస్తే కొన్నాళ్లకే మళ్లీ పొగ మొదలవుతుంది.

బోరింగ్ తప్పదంటే ఎంత దూరం వెళ్లొచ్చో తెలియాలి. పాత బ్లాకుల్లో పోత పోసేటప్పుడు కోర్ కొంచెం పక్కకి జరిగితే, ఒకవైపు గోడ మందంగా, ఇంకోవైపు పల్చగా వస్తుంది. బయటినుంచి చూస్తే తెలియదు. సోనిక్ టెస్ట్ చేయిస్తే ప్రతి సిలిండర్ గోడ మందం చుట్టూరా ఎంతుందో తెలుస్తుంది. పగుళ్లకి, ఇనుప బ్లాక్ అయితే మాగ్నాఫ్లక్స్, అల్యూమినియం అయితే డై పెనెట్రంట్ పరీక్ష, రెండింటికీ వాటర్ జాకెట్ ప్రెషర్ టెస్ట్ చేయించండి. మెయిన్ బేరింగులు ఒకే గీతలో ఉన్నాయో లేదో, పైతలం వంకర పోయిందో లేదో కూడా చూడమనండి.

ఒకే సిలిండర్‌లో పగులో, లోతైన గీతో ఉంటే స్లీవ్ (కొత్త గోడలా లోపల దించే గొట్టం) వేసి బతికించొచ్చు. అసలు నంబరు ఉన్న బ్లాక్‌కి ఆ ఖర్చు పెట్టడం న్యాయమే.

క్రాంక్ జర్నల్స్‌కి (బేరింగుల్లో తిరిగే గుండ్రటి భాగాలకి) మైక్రోమీటర్ వాడండి. గ్రైండింగ్ 10 థౌకి వెళ్లాలా, 20కా అన్నది తేలితేనే ఏ సైజు బేరింగులు కొనాలో తెలుస్తుంది. మెయిన్స్ ఒక సైజు, రాడ్స్ ఇంకో సైజు అవడం మామూలే. కిట్ ఆర్డర్ పెట్టేటప్పుడు పిస్టన్, రాడ్ బేరింగ్, మెయిన్ బేరింగ్, ఈ మూడు సైజులూ విడివిడిగా అడుగుతారు. ఆ మూడు గళ్లూ నింపే కొలతలు చేతిలో లేనంతవరకు ఆర్డర్ పెట్టకండి.

4. కిట్ జాబితాని మీ ఇంజిన్ పక్కన పెట్టి చదవండి

పేరు ఒకటే అయినా లోపల మారిపోయిన ఇంజిన్లు చాలా ఉన్నాయి. 1955లో మొదలైన షెవర్లే స్మాల్ బ్లాక్‌నే చూడండి. 1986 నుంచి వెనక మెయిన్ సీల్ రెండు ముక్కల నుంచి ఒకే ముక్కకి మారింది. దాంతోపాటు క్రాంక్ వెనక భాగం, ఫ్లైవీల్ బోల్టుల వలయం కూడా మారాయి. రెండు ముక్కల సీల్ ఉన్న 350 ఇంజిన్‌ని (ఈ అంకెలు క్యూబిక్ అంగుళాల్లో ఇంజిన్ సైజు) బయటి బరువులు లేకుండా బ్యాలెన్స్ చేస్తే, 400ని బయటి బరువులతో చేశారు. ఫోర్డ్ 302లో పాతవాటికి 28 ఔన్స్ బ్యాలెన్స్, 1980ల మొదట్లో వచ్చిన మార్పు తర్వాతవాటికి 50 ఔన్స్. డ్యాంపర్ (క్రాంక్ ముందు బిగించే చక్రం) ఒక కాలానిది, ఫ్లైవీల్ ఇంకో కాలానిది వేస్తే ఇంజిన్ వణికి వణికి బేరింగులు తినేస్తుంది. ఇంజిన్ పేరు చూసి కాదు, బ్లాక్ మీది కాస్టింగ్ నంబరు చూసి కొనండి.

కంప్రెషన్ రేషియో (పిస్టన్ సిలిండర్‌లోని మిశ్రమాన్ని ఎన్ని రెట్లు కుదిస్తుందో చెప్పే అంకె) విషయంలో కిట్ అట్టపెట్టె మీద రాసింది నమ్మకండి. అది ఏదో ఒక హెడ్‌ని అనుకుని వేసిన లెక్క. 30 థౌ బోరు చేసిన 350నే తీసుకుందాం. ఒక్కో సిలిండర్ సుమారు 727 సీసీ. ఫ్లాట్ టాప్ పిస్టన్ మీద వాల్వుల గుంటలు 5 సీసీ, పిస్టన్ పైతలానికి 25 థౌ కిందే ఆగడం వల్ల ఇంకో 5, గాస్కెట్ మందం 8 సీసీ అనుకోండి. హెడ్ చాంబర్ 64 సీసీ అయితే రేషియో దాదాపు 9.8 వస్తుంది. 76 సీసీ హెడ్ పెడితే అదే 8.7కి పడిపోతుంది. పిస్టన్లు అవే, బ్లాక్ అదే. ఇక 400 క్రాంక్ స్ట్రోక్ అయిన 3.75 అంగుళాలతో 383 స్ట్రోకర్ కట్టి, మిగతావన్నీ అలాగే ఉంచి 64 సీసీ హెడ్ వేస్తే 10.5 దాకా పోతుంది. ఇనుప హెడ్, మామూలు పెట్రోలు అయితే అక్కడ నాకింగ్ (మిశ్రమం తనంతట తానే పేలడం) టెన్షన్ మొదలవుతుంది. మీ హెడ్ చాంబర్‌లో సిరంజితో ద్రవం పోసి ఎన్ని సీసీలో కొలిచి, ఈ లెక్క మీరే వేసుకోండి.

స్ట్రోకర్ కిట్ అయితే ఇంకో పని ఉంది. క్రాంక్ పొడుగు చేతులతో తిరుగుతుంది కాబట్టి రాడ్ బోల్టులు బ్లాక్ అంచులకీ, క్యామ్‌షాఫ్ట్‌కీ తగలొచ్చు. క్యామ్‌కీ రాడ్‌కీ మధ్య కనీసం 50 థౌ, అంటే మిల్లీమీటర్ పైచిలుకు ఖాళీ ఉండాలి. లేకపోతే గ్రైండ్ చేసి చోటు చేయాలి. ఇది కిట్ ప్రకటనలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

జాబితాలో ఏం లేదో చూడటం కూడా అంతే అవసరం. రింగుల్లో ఫైల్ చేసి సరిచేసుకునే రకం వస్తుందా, క్యామ్ బేరింగులు ఉన్నాయా, ఫ్రీజ్ ప్లగ్గులు ఉన్నాయా, హెడ్ బోల్టులు కొత్తవా? హెడ్ పని దాదాపు ఏ రీబిల్డ్ కిట్‌లోనూ ఉండదు. లెడ్ కలిపిన పెట్రోలు కాలంలో చేసిన ఇనుప హెడ్‌లకి చాలావాటిలో గట్టి వాల్వ్ సీట్లు ఉండవు. ఆ పెట్రోలు 2021 నాటికి ప్రపంచమంతటా రోడ్డు వాహనాలకి ఆగిపోయింది. ఎక్కువ వేగంతో, ఎక్కువ దూరం నడిపే కారైతే హెడ్ విప్పినప్పుడే ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు వేయించండి.

అన్ని ఇంజిన్లకీ ఇంత తలనొప్పి ఉండదు. ఎయిర్ కూల్డ్ ఫోక్స్‌వ్యాగన్‌లో సిలిండర్లు విడిగా ఉంటాయి. అసలు 85.5 మిల్లీమీటర్ల సిలిండర్, పిస్టన్ సెట్ తెచ్చి 1584 సీసీ ఇంజిన్‌ని మళ్లీ నిలబెట్టడం కిట్‌తో చక్కగా అయ్యే పని. అదే 90.5 మిల్లీమీటర్లకి వెళ్లి 1776 సీసీ చేయాలంటే మాత్రం క్రాంక్‌కేస్, హెడ్‌లు రెండూ మెషీనింగ్ చేయించాలి.

5. మీ చేతులు, మీ పనిముట్లు

కిట్ బిగించడానికి మంచి టార్క్ రెంచ్, మైక్రోమీటర్లు, డయల్ గేజ్, ఫీలర్ గేజ్‌లు, రింగు కంప్రెసర్, దుమ్ము లేని గది కావాలి. వీటికన్నా ముందు, ఒక క్లియరెన్స్ తప్పు వస్తే అంతా విప్పి మళ్లీ మొదలుపెట్టే ఓపిక కావాలి. బేరింగ్‌కి జర్నల్ వ్యాసంలో అంగుళానికి ఒక థౌ, రింగు గ్యాప్‌కి బోరులో అంగుళానికి 4 థౌ అన్నవి వాడుకలో ఉన్న మోటు లెక్కలు. వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్నదే చివరి మాట. ఇదంతా చదువుతుంటే ఉత్సాహం వస్తే కిట్ మీకు తగినదే. భయం వేస్తే బిల్డర్‌కి అప్పగించండి, అందులో తక్కువతనం ఏమీ లేదు.

6. బిల్డర్‌ని ఎంచుకునేటప్పుడు

మీరేం అడిగారన్న దానికన్నా ఆయన మిమ్మల్ని ఏం అడిగాడో గమనించండి. కారు బరువు ఎంత, గేర్‌బాక్స్ ఏది, వెనక యాక్సిల్ రేషియో ఎంత, టైర్ల సైజు ఎంత, ఏ పెట్రోలు పోస్తారు, ఎక్కువగా ఏ వేగంలో నడుపుతారు అని అడగకుండానే క్యామ్ చెప్పేసే బిల్డర్ మీ ఇంజిన్ కట్టడం లేదు, తనకి అలవాటైన ఇంజిన్ కడుతున్నాడు. పెద్ద క్యామ్ వేస్తే పైన పవర్ వస్తుంది, కింద పికప్ పోతుంది. బ్రేక్ బూస్టర్‌కి చాలినంత వాక్యూమ్ కూడా రాదు. ఊళ్లో నడిపే బరువైన పాత కారుకి కావాల్సింది కింది ఆర్‌పీఎంలో టార్క్.

పని మొదలవకముందు కాగితం మీద ఉండాల్సినవి: ఏ కంపెనీ సామాన్లు, ఎవరి బ్లాక్, ఏయే మెషీనింగ్, గడువు ఎప్పుడు, డబ్బు ఏ దశలో ఎంత, గ్యారంటీ దేనికి వర్తిస్తుంది, పాత సామాన్లు వెనక్కి ఇస్తారా. పని అయ్యాక బిల్డ్ షీట్ అడిగి తీసుకోండి. అందులో ప్రతి సిలిండర్ బోరు, ప్రతి బేరింగ్ క్లియరెన్స్, రింగు గ్యాప్‌లు, చాంబర్ సీసీ, పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య ఖాళీ రాసి ఉండాలి. ఆ ఖాళీ మామూలుగా ఇన్‌టేక్‌కి 80 థౌ, ఎగ్జాస్ట్‌కి 100 థౌకి తగ్గకూడదు. కొలతలు రాసి ఇవ్వని బిల్డర్ కొలవలేదనే అనుకోవాలి.

డైనో కాగితం చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఇంజిన్‌ని ఫ్యాన్, ఆల్టర్నేటర్, ఎయిర్ క్లీనర్, సైలెన్సర్ లేకుండా నడిపి చూపించే అంకె, కారులో బిగించాక వచ్చేది ఒకటి కావు. 1972 మోడల్ నుంచి అమెరికన్ కంపెనీలు ఇలా విడిగా కొలిచే గ్రాస్ లెక్క వదిలి, అన్నీ బిగించి కొలిచే నెట్ లెక్కకి మారినప్పుడు అంకెలు అంతగా పడిపోవడానికి ఇది పెద్ద కారణం. మీ పాత బ్రోచర్‌లోని 300 హార్స్‌పవర్‌నీ, కొత్త ఇంజిన్ అంకెనీ పోల్చేముందు రెండూ ఒకే లెక్కవో కాదో చూడండి.

7. ఖర్చుని పక్కపక్కన రాయండి

ఒక కాగితం మీద రెండు గళ్లు గీయండి. కడగడం, పరీక్షలు, బోరింగ్, టార్క్ ప్లేట్ (హెడ్ బిగించినట్టే బ్లాక్‌ని ఒత్తి పట్టే పలక) పెట్టి హోనింగ్, క్రాంక్ గ్రైండింగ్, బ్యాలెన్సింగ్, హెడ్ పని అన్నవి రెండు వైపులా ఉంటాయి. చాలామంది కిట్ గడిలో వీటిని రాయరు, అందుకే కిట్ అంత చవకగా కనిపిస్తుంది. కిట్‌లో నిజంగా మిగిలేది బిగింపు కూలి. దానికి ఎదురుగా మీరు కొనాల్సిన పనిముట్లు రాయండి.

రేడియేటర్, ఇంజిన్ మౌంట్లు, క్లచ్, బ్రేకులు కూడా కలపండి. పవర్ పెంచితే ఇవన్నీ వరసగా ఖర్చు అడుగుతాయి.

8. నిర్ణయం

ఎక్కువగా దొరికే ఇంజిన్, గట్టి బ్లాక్, ఫ్యాక్టరీ లెక్కకి దగ్గరగా ఉంచాలన్న కోరిక, నమ్మకమైన మెషీన్ షాపు, బిగించే ఆసక్తి, ఇవన్నీ ఉంటే కిట్ తీసుకోండి. ఆ ఇంజిన్‌లో ప్రతి బోల్టూ మీకు తెలిసిందై ఉంటుంది, ఆ సుఖం డబ్బుకి దొరకదు. అరుదైన ఇంజిన్, స్లీవులు వేయాల్సిన బ్లాక్, నిబంధనలున్న రేసు, ఫ్యాక్టరీ లెక్కకి బాగా దూరంగా పెంచాలనుకునే పవర్, వీటిలో ఏది ఉన్నా కట్టించుకోండి. సీసీ, క్యామ్, కంప్రెషన్ మూడూ ఒకేసారి మారుస్తున్నప్పుడు ఆ లెక్కలు అనుభవం ఉన్నవాడు వేయడమే మంచిది.

మూడో దారి కూడా ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. బిల్డర్‌తో మెషీనింగ్ చేయించి, క్రాంక్, పిస్టన్ల దాకా ఆయనచేత బిగించిన షార్ట్ బ్లాక్ తీసుకుని, హెడ్, క్యామ్, టైమింగ్ నుంచి మిగతాదంతా మీరు బిగించుకోవచ్చు. తప్పు జరిగితే ఇంజిన్ పోయే చోట ఆయన చెయ్యి ఉంటుంది, సరిదిద్దుకోగల చోట మీ చెయ్యి.

9. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు

ఎవరు కట్టినా ఈ పని తప్పుగా చేస్తే కొత్త ఇంజిన్ మొదటి అరగంటలోనే పాడవుతుంది. స్టార్ట్ చేసేముందు ఆయిల్ పంపుని విడిగా తిప్పి, గేజ్‌లో ప్రెషర్ కనిపించి, రాకర్ల దాకా ఆయిల్ వచ్చేవరకు ఆగండి. రేడియేటర్ నింపి, టైమింగ్ దాదాపు సరిచేసి, కార్బురేటర్‌లో పెట్రోలు ఉండేలా చూసుకుంటే సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. పదే పదే సెల్ఫ్ కొడితే క్యామ్ మీద పూసిన లూబ్ తుడుచుకుపోతుంది.

ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (రోలర్లు లేని ట్యాపెట్లతో నడిచేది) అయితే స్టార్ట్ అయిన వెంటనే 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్యకి తెచ్చి, కొంచెం పెంచుతూ తగ్గిస్తూ 20 నిమిషాలు నడపండి. ఐడిలింగ్‌లో వదలొద్దు. ఈ ఇంజిన్లలో క్యామ్‌కి ఆయిల్ ఎక్కువగా క్రాంక్ తిరిగి చిమ్మితేనే అందుతుంది, నెమ్మదిగా తిరిగితే అది చాలదు. జింక్ పాళ్లు ఎక్కువున్న బ్రేక్ ఇన్ ఆయిలే పోయండి. ఈలోగా నీళ్లు కారినా, ప్రెషర్ పడిపోయినా ఆపేయండి, సరిచేసి మిగిలిన నిమిషాలు పూర్తిచేయండి.

ఆ ఆయిల్ దించేశాక ఫిల్టర్ పారేయకండి. డబ్బాని కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, వెలుతురులో పెట్టి చూడండి. బూడిదలాంటి సన్నటి పొడి కొంచెం ఉంటే అది రింగులు, బోరు సర్దుకున్న గుర్తు. అయస్కాంతానికి అంటుకునే మెరిసే పలుకులు కనిపిస్తే ముందు క్యామ్, ట్యాపెట్లు చూడండి. రాగి రంగు రేకులుంటే బేరింగ్ పైపొర పోయిందని అర్థం, ఇక స్టార్ట్ చేయకుండా ఆయిల్ పాన్ విప్పండి.